కన్నాలు

నా పేరు మల్‌సూన్.
మల్ అంటే చివర.
నాకు ముందు ముగ్గురు అక్కలు.
ఆడపిల్లలు ఇక చాలని దేవుడికి చెప్పుకోడానికి
నా పేరునే చీటీగా రాసి పంపాడు మా నాన్న.
దేవుడు చదివినట్టు లేదు. నా తర్వాత ఇంకో చెల్లి.

సియోల్‌లో, భూమికి మూడంతస్తుల కింద,
రైలు స్టేషన్లో ఆడవాళ్ళ మరుగుదొడ్లు నావి.
తొమ్మిది తలుపులు. పదకొండేళ్ళు.
ఏ గొళ్ళెం ఎంత ఎత్తి నొక్కితే పడుతుందో
చీకట్లో కూడా చెప్పగలను.

రెండేళ్ళుగా గోడల్లో కాగితాలు మొలుస్తున్నాయి.
మర ఊడిన చోట, టైలు పగిలిన చోట,
సన్నగా పేని కుక్కిన టిష్యూ ముక్కలు.
చెత్త, పీకెయ్ అన్నాడు సూపర్‌వైజరు.
పీకాను.
తెల్లారేసరికి మళ్ళీ ఉన్నాయి.

ఒకరోజు ఏడో తలుపు తీసుకుని వచ్చిన కాలేజీ పిల్ల
నా గుప్పిట్లో వాటిని చూసి,
ఏడుస్తున్నట్టు కాదు, లెక్క చెబుతున్నట్టు అంది:
"అమ్మమ్మా, తీయకండి. అవతల కెమెరా ఉంటుంది,
మినపగింజంత.
మా సీనియర్ వీడియోని ఒక కాఫీ ధరకి అమ్ముకున్నారు."

గోడలకి చెవులుంటాయని విన్నాను.
కళ్ళు కూడా పెట్టారన్నమాట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పదిహేడేళ్ళప్పుడు, కుట్టు ఫ్యాక్టరీ హాస్టల్లో
స్నానాల గది చెక్కగోడకి, నా భుజమెత్తున ఒక కన్నం.
అప్పుడు కెమెరాల్లేవు. కన్నే స్వయంగా వచ్చేది.
అది రెప్ప వేయడం చూశాను.
నమిలిన అన్నం ముద్దతో పూడ్చేదాన్ని.
ఎలకలు తినేసేవి. మళ్ళీ పూడ్చేదాన్ని.
వాళ్ళు పెట్టే అన్నమే తక్కువ.
ఎవరికీ చెప్పలేదు.
ఫోర్‌మన్ పెళ్ళికి తలా ఇంత వేసుకుని దుప్పటి కొన్నాం.
అందులో నా వాటా కూడా ఉంది.

మర్నాడు నా డబ్బుతో సిలికాన్ గొట్టం కొన్నాను.
తొమ్మిది తలుపుల వెనక నూట ముప్ఫై ఒక్క కన్నాలు.
ఒక్కదాంట్లోనూ ఏమీ దొరకలేదు.
చూశావా, ఊరికే భయపడతారు, అన్నాడు సూపర్‌వైజరు.
ఏమీ లేని కన్నంలోంచి కూడా
చూపు వస్తూనే ఉంటుందని ఆయనకెట్లా చెప్పను?
ఆయన తలుపు లేని చోట నిలబడి
ఈల వేసుకుంటూ పోసుకొచ్చే మనిషి.

శనివారం ప్రతి రైలూ ఎర్ర చొక్కాల పిల్లల్ని దింపింది.
ఎర్ర టోపీలు, ఎర్ర గొడుగులు,
మూతికి ముసుగు, నల్ల కళ్ళద్దాలు.
మమ్మల్ని చూడొద్దని అరవడానికి
ముఖం దాచుకుని రావాల్సొచ్చిన పిల్లలు.
నా తొమ్మిది తలుపుల ముందు గేటు దాకా బారు.
ఒకమ్మాయి గోడ మీద నా సిలికాన్ చుక్కని తడిమి
వెనకామెకి చూపించింది.
ఇద్దరూ ఏమీ అనలేదు.

డ్యూటీలో పైకెళ్ళకూడదు.
వెళ్ళాను.
మెట్ల నిండా ఎరుపు. వాళ్ళ కేకలు
రోడ్డవతల బ్యాంకు అద్దాలకి తగిలి తిరిగొస్తున్నాయి.
రెయిలింగు ఎక్కి ఒక కుర్రాడు, ఫోను ఎత్తి,
ముసుగు జారిన పిల్ల ముఖాన్ని
రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటున్నాడు.

నా దగ్గర ఎర్ర బట్ట లేదు.
చేతులకి రబ్బరు గ్లవ్స్ ఉన్నాయి, ఎర్రవి,
కిమ్చీ కలపడానికి ఇక్కడ ప్రతి వంటింట్లోనూ వేలాడేవి.
బ్లీచింగు నీళ్ళు కారుతున్న అరచేతిని
ఆ కెమెరా మీద పెట్టి
పూడ్చాను.
"నీకెందుకే ముసలిదానా?" అన్నాడు.
ఎందుకో చెప్పాలంటే నలభై ఆరేళ్ళ మాట.
అంతసేపు అతను ఆగడు.
నేనూ చెయ్యి తియ్యలేదు.

నలభై నిమిషాల జీతం కోస్తామన్నారు.
కిందికొచ్చి రిజిస్టరు నింపాను.
సబ్బు: ఉంది. అద్దం: తుడిచాను. నేల: ఆరింది.
గోడకి గడి లేదు.

రాత్రి ఆఖరి రైలు ముందు
ఆరో తలుపు వెనక, చీలమండ ఎత్తులో,
సూదిమొనంత కొత్తది.
గొట్టం అడుగున ఇంకా కొంచెం మిగిలే ఉంది.
మోకాళ్ళ మీద కూచున్నాను.
అటువైపు మగవాళ్ళ గది.
నీళ్ళ చప్పుడు. ఎవరిదో ఈల.